బందరు ఉప్పెనను బందరు వాళ్లతోనే ఆడించడం ఎలా? ఊరి చరిత్ర నాటకానికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ దాకా వచ్చినవాళ్లు ఇంకో 70 కిలోమీటర్లు తూర్పుకు వెళ్లరు. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో, అంటే బందరులో, ముగుస్తుంది. చాలామందికి ఆ ఊరు లడ్డు పెట్టె మీద పేరుగానే పరిచయం. ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు ఇదే. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఆ ఊరి వాళ్లను పోగుచేసి, ఆ ఊరి కథనే, ఆ ఊరి మైదానంలో ఆడాలనుకునేవారికీ, అలాంటి నాటకం వంకతో బందరు చూడాలనుకునేవారికీ ఈ మార్గదర్శి. మీ ఊరు బందరు కాకపోయినా పద్ధతి ఇదే. పేర్లూ తేదీలూ మార్చుకోండి.

మొదటి మెట్టు: నాలుగు వందల ఏళ్లను వదిలేయండి, ఒక్క రాత్రిని పట్టుకోండి

ఊరి చరిత్ర నాటకం అనగానే కమిటీలో ప్రతి ఒక్కరూ ఒక ఘట్టం పట్టుకుని కూర్చుంటారు. బందరులో అయితే జాబితాకు అంతుండదు. 1902లో మొదలైన కృష్ణా పత్రిక, దాన్ని దశాబ్దాల పాటు నడిపిన ముట్నూరి కృష్ణారావు, 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాల, అక్కడ పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్య, 1923లో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1930లో కోనేరు సెంటర్లో జెండా ఎగరేసి లాఠీ దెబ్బలు తిన్న తోట నరసయ్య నాయుడు. ఇవన్నీ ఒకే నాటకంలో పెడితే వేదిక మీద వేషాలు మారతాయి తప్ప కథ కదలదు. ప్రేక్షకుడికి మిగిలేది తెర లేచిన ప్రతిసారీ ‘ఇది ఏ సంవత్సరం’ అన్న ప్రశ్న ఒక్కటే.

కథను ఎంచుకోవడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఎన్ని గంటల్లో జరిగింది? ఊళ్లో ఏ చోట జరిగింది? అందులో ఊరి జనం చేసిన పని ఏమైనా ఉందా, లేక చూస్తూ నిలబడ్డారా? మూడో ప్రశ్న దగ్గరే చాలా కథలు రాలిపోతాయి. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి చేతుల్లోని బందరు కోటను రాత్రిపూట ముట్టడించి పట్టుకున్నాడు. ఫిరంగులు, బురద నేల, చీకటి, అన్నీ ఉన్నాయి. కానీ నోరు విప్పి మాట్లాడేవాళ్లంతా తెల్ల దొరలే. బందరు కుర్రాళ్లకు మిగిలేది ఈటెలు పట్టుకుని నిలబడే పని. ఆ నాటకానికి రిహార్సల్స్ రెండో వారానికే పలచబడతాయి.

మూడు ప్రశ్నలకూ నిలబడే కథ 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన. ఆ ఒక్క రాత్రి సుమారు 30 వేల మంది చనిపోయారు. బందరు కోటలో ఉండే సైన్యాన్ని ఆ తర్వాత అక్కడి నుంచి తీసేశారు. రేవు పట్టణంగా బందరుకు ఉన్న పాత వైభవం మళ్లీ రాలేదు. ఆ రాత్రి చనిపోయినవాళ్లలో ఎక్కువమంది దొరలూ కాదు, నాయకులూ కాదు. ఉప్పు కొఠారుల్లో పనిచేసేవాళ్లు, పడవలవాళ్లు, అద్దకంవాళ్లు, నేతవాళ్లు. అంటే ఈ రోజు మీ నాటకంలో వేషం కట్టబోయేవాళ్ల ముత్తాతలు.

రెండో మెట్టు: ముందు ఊరంతా కాలినడకన తిరగండి

నాటకం రాసేవాళ్లు సొంత ఊరి వాళ్లే అయినా సరే, పరాయి ఊరు చూసినట్టు చూడాలి. కనీసం రెండు పూర్తి రోజులు. బయటి నుంచి వచ్చేవారు విజయవాడ బస్టాండులో బస్సెక్కవచ్చు, లేదా గుడివాడ మీదుగా రైల్లో రావచ్చు. బందరుతో ఆ రైలు మార్గం అయిపోతుంది. రావడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్ర స్నానాలకూ చిలకలపూడి పాండురంగస్వామి గుడికీ జనం పోటెత్తుతారు. ఆ నాలుగు రోజులూ గది దొరకదు, ఎవరికీ మీతో మాట్లాడే తీరికా ఉండదు.

మొదటి రోజు ఉదయం పేటల మధ్య నడవండి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట, ఇనకుదురుపేట. ఎవరు ఎక్కడ దిగారో, ఎవరి పక్కన ఎవరు బతికారో ఈ నడకలో తెలుస్తుంది. ఫ్రెంచివారికి ఇక్కడ మిగిలిన చిన్న ముక్క 1947 దాకా వాళ్లదే. యానాం సంగతి అందరికీ తెలుసు కానీ బందరులోనూ అలాంటి ముక్క ఉండేదని బందరులోనే చాలామందికి తెలియదు. (ఇది మీ రెండో నాటకానికి పనికొస్తుంది, ఇప్పుడు కాదు.)

ఎండ ముదరక ముందే డచ్చి శ్మశానానికి వెళ్లండి. 1600ల నాటి సమాధి పలకలు నేలబారుగా పరచి ఉంటాయి. అక్షరాలు రాతిలోకి చెక్కినవి కావు, రాతి మీద పైకి లేచి ఉంటాయి. వేలితో తడిమితే చదవవచ్చు. పైన వంశ చిహ్నాలు, కింద పేరు, పుట్టిన ఊరు, చనిపోయిన తేదీ. చనిపోయినవాడు ఎవరో, ఎక్కడివాడో రాయి చెబుతోంది. 1864లో పోయిన 30 వేల మందిలో అలాంటి రాయి ఎంతమందికి ఉంది? నాటక రచయితకు ఈ ప్రశ్న చాలు, మొదటి రంగం ఇక్కడే దొరకవచ్చు.

సాయంత్రం బందరు కోట. కోట అంటే బురుజులు ఊహించుకోకండి. ఊరికి సముద్రం వైపున, చిత్తడి నేల మధ్య, శిథిలమైన కొన్ని కట్టడాలు, ఒక గంట స్తంభం. అక్కడి నుంచి గిలకలదిండి చేపల రేవుకు వెళ్లి పడవలు చూడండి. రెండో రోజు పొద్దున్నే మంగినపూడి. అక్కడి నేల నల్లటి ఒండ్రు, పాదం దిగబడుతుంది. ఒడ్డున నిలబడి ఊరి వైపు తిరిగి చూడండి. కంటికి అడ్డం వచ్చేంత ఎత్తయినది ఏదీ లేదు, గుట్ట కాదు కదా దిబ్బ కూడా. నీళ్లు ఊరి దాకా ఎలా వచ్చాయో చరిత్ర పుస్తకం కంటే ఆ చదును నేల బాగా చెబుతుంది. మీ నటులందరినీ ఒకసారి ఇక్కడ నిలబెట్టి వెనక్కి తిరిగి చూడమనండి. ఆ తర్వాత ‘భయపడినట్టు నటించు’ అని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదు.

మూడో మెట్టు: కాగితం మీద ఉన్నది, నోట్లో ఉన్నది, మనం కల్పించేది

ఒక నోటు పుస్తకం కొని ప్రతి పేజీలో మూడు గడులు గీయండి. మొదటిది రాతపూర్వకంగా దొరికినది, రెండోది పెద్దలు చెప్పినది, మూడోది మనం కల్పించబోయేది. నాటకంలోని ప్రతి సంగతీ ఈ మూడింటిలో ఏదో ఒక గడిలో ఉండాలి. రేపు ప్రదర్శన అయ్యాక ఎవరైనా లేచి “ఇది ఎక్కడుంది?” అని అడిగితే ఈ పుస్తకమే మీ జవాబు.

మొదటి గడికి ఆకరం కృష్ణా జిల్లా గురించి గోర్డన్ మెకంజీ రాసి 1883లో అచ్చు వేయించిన జిల్లా మాన్యువల్. ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్లు కూడా కాకముందే వచ్చిన పుస్తకం అది. అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. రాసింది కంపెనీ దొరల తర్వాతి తరం ప్రభుత్వ అధికారి అన్న సంగతి మాత్రం మరవకండి. అతను కోటలో ఎవరు పోయారో శ్రద్ధగా రాస్తాడు, కొఠారుల్లో ఎవరు పోయారో అంత శ్రద్ధగా రాయడు.

పంచాంగం కూడా ఆకరమే అని చాలామందికి తట్టదు. తేదీని వెనక్కి లెక్క వేసి చూడండి. 1864 అక్టోబరు 30 అమావాస్య, దీపావళి. అంటే నవంబరు 1 కార్తీక శుద్ధ విదియ. దీని నుంచి మూడు సంగతులు తేలతాయి. ఒకటి, ఆ రాత్రి సన్నటి నెలవంక చీకటి పడిన కాసేపటికే అస్తమించింది, మబ్బులు లేకపోయినా చీకటే. రెండు, అమావాస్య దాటిన రోజులు కాబట్టి అసలే పోటు ఎక్కువగా ఉండే సమయం, దాని మీద తుపాను నీళ్లు తోసుకొచ్చాయి. మూడోది నాటకానికి బంగారం. కార్తీక శుద్ధ విదియ భగినీహస్త భోజనం రోజు. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికి భోజనానికి వెళ్లే రోజు. ఆ రాత్రి బందరులో ఎవరో ఒక తమ్ముడు అక్క ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నాడని కల్పించుకోవడానికి తిథి మీకు అనుమతి ఇస్తోంది. తిథి మొదటి గడిలో రాయండి, తమ్ముణ్ని మూడో గడిలో రాయండి.

రెండో గడిలోకి వచ్చేవాటితో జాగ్రత్త. బందరులో ఎవరిని కదిపినా ఒక ఆంగ్లేయ సేనాని, అతను ప్రేమించిన ఆరబెల్లా, ఆమె సమాధి మీద అతను కట్టించిన చర్చి గురించి చెబుతారు. గాజు పెట్టె, గంటలు, దయ్యాలు, చెప్పేవారిని బట్టి పెరుగుతూ పోతుంది. బాగుంటుంది, వినండి. కానీ ఊరి నాటకం మొదటిసారి వేస్తున్నప్పుడు దాన్ని ముట్టుకోకండి. పక్కన ఆరబెల్లా నిలబడితే 30 వేల మందినీ ఎవరూ చూడరు.

నాలుగో మెట్టు: 1864కు సాక్షులు లేరు, 1977కు ఉన్నారు

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే, ఎక్కువ కాలం కేటాయించాల్సింది కూడా దీనికే. 1864ను చూసినవాళ్లు లేరు. కానీ 1977 నవంబరు 19న ఇదే తీరాన్ని, దివిసీమను ఉప్పెన ముంచింది. వేల మంది పోయారు. ఆ రోజు పిల్లలుగానో యువకులుగానో ఉన్నవాళ్లు కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల్లోనూ బందరులోనూ ఇప్పటికీ ఉన్నారు. గాలి ఏ వైపు నుంచి ఏ వైపుకు తిరిగిందో, నీళ్లు వచ్చే ముందు ఎలాంటి చప్పుడు వినిపించిందో, గొడ్లు ఏం చేశాయో, చెట్టు ఎక్కినవాళ్లు చీకట్లో ఒకరినొకరు ఎలా పిలుచుకున్నారో వాళ్లకు తెలుసు. ఇవేవీ దొర పుస్తకంలో దొరకవు.

ఎప్పుడు వెళ్లాలి? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేటకు నిషేధం. మత్స్యకారులు ఇళ్ల దగ్గర, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఎండలు మండిపోతాయి, నిజమే. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. వల అల్లే చేతులు పని చేస్తూ ఉంటే నోరు దానంతట అదే మాట్లాడుతుంది. కెమెరా ఎదురుగా పెట్టి కుర్చీలో కూర్చోబెడితే పెద్దాయన వార్తల్లో మాట్లాడినట్టు మాట్లాడతాడు, అది పనికిరాదు.

అడిగే తీరు గురించి నాలుగు మాటలు. “ఎవరెవరు పోయారు?” అని మొదలుపెట్టకండి. “ఆ రోజు పొద్దున ఏం వండారు పెద్దమ్మా?” అని అడగండి. పొద్దుటి నుంచి మొదలైతే రాత్రి దాకా ఆమే తీసుకువెళుతుంది, ఆపాలనిపించిన చోట ఆమే ఆపుతుంది. ఆగిన చోట మీరూ ఆగండి, తోయకండి. ఫోనులో రికార్డు చేస్తుంటే ముందే చెప్పండి. ఆమె మాటలు నాటకంలో ఎక్కడైనా వాడుకుంటే ప్రదర్శనకు ముందే వచ్చి చదివి వినిపిస్తామని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట ప్రకారం వెళ్లండి. పేరు వాడవద్దంటే వాడవద్దు.

అయిదో మెట్టు: రాయడం, బుర్రకథను వెన్నెముకగా పెట్టుకుని

చరిత్ర నాటకంలో పెద్ద చిక్కు సమాచారం. తేదీలు, ఎవరు పాలిస్తున్నారు, ఊరు ఎలా ఉండేది, ఇవి ఎవరో ఒకరు చెప్పాలి. పాత్రల చేత చెప్పిస్తే, “ఇప్పుడు 1864 కదా, మనల్ని విక్టోరియా రాణి పాలిస్తోంది కదా” అని ఇంట్లో భార్యాభర్తలు చెప్పుకునే దుస్థితి వస్తుంది. దీనికి మన దగ్గర తయారుగా ఉన్న మందు బుర్రకథ. నడుమ తంబురాతో కథకుడు, అటు ఇటు డక్కీలతో ఇద్దరు వంతలు (వంత పాడేవాళ్లు). ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. కథకుడు తేదీలు, సంగతులు పాటలో లాగేస్తాడు. హాస్య వంత ప్రేక్షకుడి సందేహాలు అడుగుతాడు. రాజకీయ వంత ఇప్పటి మాట కలుపుతాడు. “మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక” అని ఇప్పుడు వార్తల్లో ప్రతి తుపానుకూ వింటాం. 1864లో ఆ మాట చెప్పేవాడే లేడు. ఆ తేడాను రాజకీయ వంత రెండు ముక్కల్లో చెబితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

కథా భాగాలు బుర్రకథలో, మనుషుల మధ్య జరిగేవి మామూలు నాటకంలా. మొత్తం 70 నిమిషాలు దాటనివ్వకండి. మైదానంలో నేల మీద కూర్చున్న జనం, మధ్యలో ఏడ్చే పిల్లలు, పదింటికి మైకు ఆపేయాలన్న నిబంధన, అన్నీ లెక్కలోకి తీసుకోండి.

సంభాషణలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. విదియ రాత్రి రంగం నమూనాగా ఇలా ఉండవచ్చు:

అక్క: ఇంత గాలిలో వచ్చావా తమ్ముడూ!
తమ్ముడు: నువ్వు పిలిచాక రాకుండా ఉంటానా అక్కా? బావ ఏడీ?
అక్క: పడవ గట్టిగా కట్టి వస్తానని వెళ్లాడు. నువ్వు కాళ్లు కడుక్కుని రా, వడ్డిస్తాను.
తమ్ముడు: ఇంక కడుక్కునేది ఏముందక్కా, వాకిట్లో నీళ్లలో నడిచే వచ్చాను.
అక్క: (చెంబు చేతిలో ఉండగానే ఆగి) వానే లేదు కదరా. నీళ్లెక్కడివి?
(తమ్ముడు వంగి, కాలి దగ్గర వేలు తడిపి, నాలుక మీద పెట్టుకుంటాడు.)
తమ్ముడు: ఉప్పగా ఉన్నాయక్కా.

ఇంతే. అతను ఉప్పు కొఠారులో పనివాడు కాబట్టి ఆ రుచి అతనికి అందరికంటే ముందు తెలుస్తుంది. ‘అయ్యో ఉప్పెన’ అని ఎవరూ అరవనక్కర్లేదు. ఇక్కడ హార్మోనియం వద్దు, డప్పు వద్దు. తర్వాతి మాట రావడానికి ముందు ప్రేక్షకులు ఎంతసేపు ఊపిరి బిగపడతారో అంతసేపూ నటులు కదలకుండా ఉండాలి. కొత్త నటులకు అది కష్టం. రిహార్సల్‌లో లోపల పది అంకెలు లెక్కపెట్టమని చెప్పండి.

వ్యాకరణ పండితుల చేత స్క్రిప్టు దిద్దించకండి. పేటల్లో ఎవరి మాట వాళ్ల నోట్లో ఎలా వస్తుందో అలాగే పలకనివ్వండి. రచయిత రాసింది ముడి సరుకు మాత్రమే. రెండు వారాలు చదివాక నటి “మా ఇంట్లో ఇలా అనరండీ” అంటే ఆమె మాటే వేయండి.

ఆరో మెట్టు: మనుషులు

పాతిక మంది చాలు. పాత్రలకు తగిన మనుషులను వెతకడం వృత్తి నాటక సమాజాల పని. ఇక్కడ వచ్చిన మనుషులకు తగినట్టు పాత్రలు చేసుకోవాలి. గిలకలదిండి నుంచి పడవలవాళ్లు, చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల పని చేసేవాళ్లు, పెడన నుంచి కలంకారీ అద్దకంవాళ్లు, డ్వాక్రా సంఘాల మహిళలు, కళాశాల విద్యార్థులు, పింఛను తీసుకుంటున్న ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు. ఉపాధ్యాయులు ఎక్కువైతే ప్రమాదం, ఉచ్చారణ పాఠాలు మొదలవుతాయి.

ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలి. ఇది పట్టుబట్టండి. రాత్రి రిహార్సల్‌కు పంపడానికి ఇళ్లలో వెనకాడతారు, కాబట్టి మహిళల రంగాలను సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య పెట్టండి, ఇంటికి దింపే బాధ్యత కమిటీ తీసుకోవాలి. పొద్దున్నే పడవ ఎక్కేవాళ్లను రాత్రి తొమ్మిది దాటి ఉంచకండి. అందరూ కలిసే రిహార్సల్ ఆదివారం ఒక్కటే పెట్టుకుని, మిగతా రోజుల్లో రంగాలవారీగా చేయండి. ఎనిమిది వారాలు పడుతుంది.

నృత్యం కావాలంటే కూచిపూడి ఇక్కడికి గంట లోపు దూరం. పామర్రు దగ్గర దారి మళ్లితే చాలు. అక్కడి గురువులలో ఒకరిని రెండు ఆదివారాలు పిలవండి, అడుగులు నేర్పించడానికి కాదు, గుంపుగా కదలడం నేర్పించడానికి. మైదానం మీద ఇరవై మంది ఒకేసారి ఒక వైపుకు ఒరిగితే, తుపాను గాలికి వేరే హంగులు అవసరం లేదు.

ఏడో మెట్టు: చోటు, అనుమతులు, తేదీ

బందరు కోటలోనో డచ్చి శ్మశానంలోనో ఆడితే ఎంత బాగుంటుందో అని ప్రతి దర్శకుడికీ అనిపిస్తుంది. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు. వాటి ఆవరణలో ప్రదర్శనలకు ఆ శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి. దాని కోసం తిరిగే కాలంలో ఇంకో నాటకం తయారవుతుంది. పాఠశాల మైదానమో నగరపాలక సంస్థ ఖాళీ స్థలమో చూసుకోండి. ప్రధానోపాధ్యాయుడికో నగరపాలక సంస్థకో దరఖాస్తు, పోలీసు స్టేషనులో మైకు అనుమతి, అగ్నిమాపక శాఖకు సమాచారం, విద్యుత్ శాఖ నుంచి తాత్కాలిక కనెక్షన్. దరఖాస్తు ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి. రాత్రి పది తర్వాత మైకు వాడకూడదు కాబట్టి ఏడింటికి మొదలుపెట్టండి.

నవంబరు 1నే ఆడాలన్న సరదా అందరికీ ఉంటుంది. అది తుపాన్ల కాలం. ఉప్పెన నాటకం వానకు ఆగిపోయిందంటే ఊళ్లో ఏడాది పాటు నవ్వుకుంటారు. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివరి వారంలో పెట్టుకోండి. వానలుండవు, కోతల డబ్బులు చేతిలో ఉంటాయి, పండగకు వచ్చిన బంధువుల్లో కొందరైనా ఇంకా ఊళ్లోనే ఉంటారు. నవంబరు 1న కావాలంటే పాత్రధారులందరూ కలిసి ఒక సాయంత్రం స్క్రిప్టు చదవండి.

ఎనిమిదో మెట్టు: ఉప్పెనను వేదిక మీదికి తేవడం

సురభి నాటక సమాజం వాళ్ల వేదికల మీద మంటలు, వానలు, మాయమయ్యే మనుషులు చూసి పెరిగిన జనం మనవాళ్లు. వాళ్లతో పోటీ పడే యంత్రాలు మీ దగ్గర లేవు, ఉండక్కర్లేదు. మీ దగ్గర పెడన ఉంది. బందరుకు పది కిలోమీటర్ల దూరంలో కలంకారీ అచ్చుల అద్దకం జరిగే ఊరు. అక్కడ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరవేస్తారు, చెక్క అచ్చులతో అద్ది, ఉడకబెట్టి, కాలువలో జాడిస్తారు. అద్దకానికి తెచ్చిన మామూలు నూలు గుడ్డే మీకు కావలసింది. పట్టు, నైలాను తేలిపోతాయి, గాలిపటం చూసినట్టు ఉంటుంది. నూలుకు బరువుంది, ఎత్తి వదిలితే నీళ్లు పడినట్టు పడుతుంది. ముదురు నీలి, నలుపు మధ్య రంగు వేయించి, పది మీటర్ల పొడవున మూడు ముక్కలు తీసుకోండి. మొదటి ముక్క అంచులను తడి చేయండి, నేల మీద జారేటప్పుడు సరసర చప్పుడు వస్తుంది.

వేదికను ప్రేక్షకులు పడమరకు తిరిగి కూర్చునేలా వేయండి. అప్పుడు సముద్రం వాళ్ల వీపు వెనుక ఉంటుంది. ఉప్పెన అటు నుంచే రావాలి. జనం మధ్య రెండు మీటర్ల వెడల్పున రెండు దారులు ఖాళీగా ఉంచండి. “ఉప్పగా ఉన్నాయక్కా” అన్న మాట తర్వాత మొదటి గుడ్డ ఆ దారుల్లో చీలమండల ఎత్తున, నెమ్మదిగా, చప్పుడుతో ముందుకు పాకుతుంది. పిల్లలు కాళ్లు పైకి లాక్కుంటారు. రెండో గుడ్డ నడుము ఎత్తున వేగంగా. మూడోది ఎనిమిది మంది రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని పరిగెత్తుకుంటూ వేదికను మొత్తం కప్పేయాలి. దాని కింద నటులు కనిపించకుండా పోతారు.

దీపాలు ఇంకా ముఖ్యం. వేదిక వెనుక వరసగా పేటలను సూచిస్తూ పది పన్నెండు చిన్న దీపాలు పెట్టండి, బ్యాటరీవి. గుడ్డల దగ్గర నిజమైన మంట పొరపాటున కూడా వద్దు. బుర్రకథలో కథకుడు మొదట్లో ఒక్కొక్క పేట పేరు చెబుతూ ఒక్కొక్కటి వెలిగిస్తాడు. ఉప్పెనలో సముద్రానికి దగ్గరి పేట నుంచి మొదలై ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఏ దీపం తమ పేటదో జనానికి అప్పటికే తెలుసు. ఉరుముకు పల్చటి ఇనప రేకు, గాలికి గోనెపట్టా మీద తిప్పే చెక్క చక్రం, అంతకు మించి వద్దు. ఫోనులో దించుకున్న తుపాను చప్పుడు పెట్టారంటే మొత్తం చెడుతుంది.

ఆభరణాలు చిలకలపూడి నుంచి అరువు తెచ్చుకోవచ్చు. కాకపోతే తక్కువగా వాడండి. ఉప్పు కొఠారు పనివాడి అక్క మెడలో వడ్డాణం సైజు హారాలు వేస్తే నగల ప్రదర్శన అవుతుంది.

ప్రేక్షకుల్లో 1977ను చూసినవాళ్లు ఉంటారు. ప్రదర్శనకు ముందే వాళ్లకు ఇంటికి వెళ్లి చెప్పండి, ముందు వరసలో కాకుండా చివర్లో, లేచి వెళ్లడానికి వీలుగా కూర్చోబెట్టండి. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కేవలం వాళ్లను కనిపెట్టుకుని ఉండాలి.

తొమ్మిదో మెట్టు: డబ్బు, సన్మానాలు

ఎక్కువ ఖర్చు మైకు, లైట్లది. దాని తర్వాత గుడ్డ, వేదిక, భోజనాలు. టికెట్టు పెట్టకండి. పెడితే వచ్చేవాళ్లు వేరు, రావలసినవాళ్లు వేరు. చందాలు పేటల వారీగా వసూలు చేయండి, రాసిన లెక్క ప్రదర్శన రోజు మైదానం గేటు దగ్గర అతికించండి.

చందా ఇచ్చినవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం, ముఖ్య అతిథి ప్రసంగం, జ్ఞాపికలు, ఈ ఆచారం నాటకం కంటే పాతది అన్నంతగా పాతుకుపోయింది. ఏడింటికి మొదలవ్వాల్సిన నాటకం తొమ్మిదింటికి మొదలై, పదింటికి పోలీసులు మైకు కట్టేయమనే సరికి ఉప్పెన ఇంకా రాదు. ఆహ్వానం ఇచ్చేటప్పుడే చెప్పండి: ప్రసంగాలు నాటకం అయ్యాక, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నొచ్చుకునేవారు నొచ్చుకుంటారు.

చూడటానికి వచ్చేవారికి

ప్రదర్శనకు ముందు రోజు పొద్దున చేరుకోండి. ఆ రోజు డచ్చి శ్మశానం, కోట, గిలకలదిండి. మర్నాడు ఉదయం పెడనలో అద్దకం చూసి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి నిద్రపోండి, సాయంత్రం నాటకం. కూచిపూడి వెళ్లదలచుకుంటే మూడో రోజు పెట్టుకోండి. భోజనానికి ఊరి హోటళ్లలో చేపల పులుసు అడగండి. లడ్డు కొనేటప్పుడు పెట్టె చూసి కాకుండా రుచి చూసి కొనండి. బందరు తొక్కుడు లడ్డు అంటే శనగపిండితో దూసినదాన్ని రోట్లో దంచి, జల్లించి, పాకంలో కలిపి మళ్లీ దంచి, నెయ్యితో కట్టినది. నోట్లో వేసుకుంటే పలుకు తగలకూడదు. నాటకం రోజు గది దొరక్కపోతే విజయవాడ నుంచే వచ్చి వెళ్లవచ్చు కానీ, పది తర్వాతి బస్సు సంగతి ముందే కనుక్కోండి.

పదో మెట్టు: ప్రదర్శన మర్నాడు

మైదానం గేటు దగ్గర ప్రదర్శన రాత్రే ఒక పెద్ద రిజిస్టరు, నాలుగు పెన్నులు పెట్టండి. పైన ‘మీ ఇంట్లో ఇంకోలా చెబుతారా? రాయండి’ అని రాయండి. రాయడం రానివారి కోసం ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి. మర్నాడు కమిటీ అంతా కూర్చుని ఆ రిజిస్టరులోని ప్రతి సంగతినీ మూడు గడుల పుస్తకంలో రెండో గడిలోకి ఎక్కించాలి. తప్పని తేలినవి స్క్రిప్టులో కొట్టేసి, తేదీ వేసి, పక్కనే కొత్త మాట రాయండి. దిద్దిన ప్రతులు మూడు తీయించి ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి ఏదైనా కళాశాల గ్రంథాలయానికి, ఒకటి మీ దగ్గర. రికార్డు చేసిన పెద్దల మాటలను ఎవరివి వారి ఇంట్లోవారి ఫోనులో వేసి ఇవ్వండి. గుడ్డ మూడు ముక్కలూ ఉతికించి, పూర్తిగా ఆరాక మడత పెట్టండి. తడి గుడ్డ మడిచి పెట్టెలో వేస్తే వచ్చే ఏడాదికి బూజు పట్టి పనికిరాదు.